కెప్టెన్ కప్పు, మా ఇంటి గ్లాసు

స్టార్ ట్రెక్ చూసేవాళ్లని ఎవరినైనా అడగండి, ఆ లోకంలోంచి ఒక్క వస్తువు తెచ్చుకోమంటే ఏం తెచ్చుకుంటారని. చాలామంది రెప్లికేటర్ అనే అంటారు. గోడలో చిన్న అరలా ఉండే మెషీన్ అది. ఏం కావాలో నోటితో చెప్తే చాలు, వేడివేడిగా ప్రత్యక్షమవుతుంది. కెప్టెన్ పికార్డ్ ఎర్ల్ గ్రే టీ తెప్పించుకునేది దాంట్లోంచే. లేటుగా లేచి మెస్‌కి పరిగెత్తే మన హాస్టల్ జనానికి ఇంతకంటే ఏం కావాలి?

నాకు మాత్రం ఆ సీరియల్స్‌లో అసలు భవిష్యత్తు కప్పు దగ్గర కనిపిస్తుంది.

1995లో మొదలైన వాయేజర్‌నే తీసుకోండి. షిప్ భూమికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోతుంది. ఫుల్ స్పీడ్‌లో వచ్చినా 75 ఏళ్ల ప్రయాణం. ఎనర్జీ తక్కువ, అందుకే రెప్లికేటర్‌కి కూడా రేషన్. కెప్టెన్ జేన్‌వేకి కాఫీ లేకపోతే పొద్దు గడవదు. ఒక్క కప్పు ఎక్కువ తాగితే అడిగేవాడు లేడు. అయినా ‘ద క్లౌడ్’ ఎపిసోడ్‌లో సిబ్బందికి చెప్పిన పొదుపు తనూ పాటించి, కాఫీ మానుకుంటుంది. ఎనర్జీ దొరుకుతుందని షిప్‌ని ఒక నెబ్యులాలోకి పోనిస్తుంది. లోపలికెళ్లాక తెలుస్తుంది, అది ప్రాణమున్న జీవి అని, తమవల్ల దానికి గాయమైందని. మళ్లీ వెనక్కి వెళ్లి ఆ గాయం మాన్పుతారు. చివరికి ఉన్న ఎనర్జీ కూడా తగ్గుతుంది.

డీప్ స్పేస్ నైన్‌లో ఇంకో ముచ్చట. క్లింగాన్ల కాఫీ పేరు రాక్టజీనో. ఒకప్పుడు మనుషులకీ క్లింగాన్లకీ బద్ధవైరం. ఇక్కడేమో భూమి నుంచి వచ్చిన సిస్కో, బేజోర్ గ్రహం నుంచి వచ్చిన కీరా ఇద్దరూ అదే అడిగి తాగుతారు. ఎవరి కప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

ఇక్కడే నాకు మా ఇల్లు గుర్తొస్తుంది.

మాది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న దళితవాడ వాళ్లు వినోబా భావేని 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అట్లా మా ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. స్కూల్లో దీని మీద ఇంగ్లీష్‌లో ఎస్సే రాసి ప్రైజ్ కూడా కొట్టాను. అదే టైంలో మా పెరటి గోడ మీద ఒక స్టీలు గ్లాసు విడిగా ఉండేది. మోరీ శుభ్రం చేయడానికి వచ్చే పెద్దాయనకి చాయ్ అందులోనే. తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి పోయేవాడు. ఇన్నేళ్లూ చూశాను, ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

మొన్న దసరా సెలవుల్లో ఆయనకి మేం తాగే గ్లాసులో చాయ్ ఇచ్చాను. నానమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే గోడ మీద రెండు గ్లాసులున్నాయి.

కంప్యూటర్ సైన్స్ చదివే మనం అన్నిటికీ ఒక మెషీన్ కనిపెడితే సరిపోతుందనుకుంటాం. రేపు మా ఇంటికి రెప్లికేటర్ తెచ్చిపెట్టినా ఏమవుతుంది? చాయ్ చిటికెలో వస్తుంది, దాన్ని రెండు రకాల గ్లాసుల్లో పోస్తాం. కెప్టెన్ కూడా అందరిలాగే మానుకునే కాఫీని ఏ మెషీనూ తయారుచేయదు, అది మనుషులే చేయాలి.

ఇప్పుడు ఇంటికెళ్తే ఆ రెండో గ్లాసు తెచ్చుకుని అందులోనే తాగుతున్నాను. నానమ్మ ఇంకా మొహం తిప్పుకునే ఉంది. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ పెరటి గోడ మీద కూడా ఒకసారి చూడండి.