ట్రిపుల్ ఐటీ సీటు వచ్చింది సరే.. చదువు ఒంటరిగానా, జట్టుగానా?

పదో తరగతి మెరిట్‌తో ట్రిపుల్ ఐటీ సీటు అంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి రైతుల ఇళ్లలో పండగే. అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతే! 2016లో ఏర్పాటైన ఒంగోలు ట్రిపుల్ ఐటీలో కోర్సు ఆరేళ్లు.. పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. క్లాసులో అందరూ స్కూల్ టాపర్లే. డౌట్ అడిగితే పరువు పోతుందేమోనన్న భయం సహజం.

1970ల్లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ గమనించింది ఇదే. కాలిక్యులస్‌లో వెనకబడ్డ నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఒంటరిగా చదివేవారు. కష్టమైన లెక్కలిచ్చి, కలిసి చేయించాక వాళ్ల ఫలితాలు మెరుగుపడ్డాయి. అంటే లోపం తెలివిలో లేదు, చదివే పద్ధతిలో ఉంది.

హాస్టల్లో ఉండేవాళ్లకు జట్టు పక్క గదిలోనే దొరుకుతుంది. పక్కవాడికి చెప్పేటప్పుడే మనకెంత వచ్చో తెలుస్తుంది. అయితే దీన్ని పిల్లలకే వదిలేయకూడదు. ఫస్టియర్ టైంటేబుల్లోనే కలిసి చదివే గంట ఒకటి ఉండాలి.