సరస్సు కయాక్‌తో సముద్రం మీదికి పోవద్దు

2022 మే 21 సాయంత్రం కోల్‌కతా రవీంద్ర సరోవర్‌లో స్కూలు పిల్లలు పడవ పందేలకు సాధన చేస్తుండగా కాల్‌బైశాఖి గాలివాన విరుచుకుపడింది. పడవ తిరగబడింది. ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఆ సరస్సులో నీళ్లున్నది 73 ఎకరాలు. ఎటు చూసినా ఒడ్డు కళ్లముందే ఉంటుంది. పైగా ఈత రానివాళ్లను రోయింగ్‌లోకి రానివ్వరు. వెంట రక్షణ పడవ ఎందుకు లేదని ఆ తర్వాత ఊరంతా అడిగింది.

చేపల సరదాతో కయాక్ కొందామనుకుంటున్న కోల్‌కతా తెలుగువారికి, విశాఖ, కాకినాడల్లో అదే మోజులో ఉన్న కుర్రాళ్లకు ఈ సంగతి ఇప్పుడే చెప్పాలి. అమ్మేవాడు మీ బరువెంతో, బడ్జెట్ ఎంతో అడుగుతాడు. ఏ నీళ్లలో వేస్తారని అడగడు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కోల్‌కతా నుంచి నాలుగైదు గంటల ప్రయాణంలోపే టికెట్ కొని గాలం వేసే చెరువులున్నాయి, తూర్పున చేపలు పెంచే భేరీలున్నాయి, మధ్యలో హుగ్లీ ఉంది, దిగువన దీఘా, మందార్‌మణి సముద్రం ఉంది. వీటన్నిటికీ పనికొచ్చే కయాక్ అంటూ ఒకటి లేదు. ఉందని అమ్మేవాడి దగ్గర కొనకండి.

చెరువులకూ భేరీలకూ పది, పదకొండు అడుగుల పొడవు, ముప్పై నాలుగు అంగుళాల దాకా వెడల్పు ఉన్న కయాక్ హాయిగా ఉంటుంది. లేచి నిలబడి గాలం విసరొచ్చు, ఇరుకులో తిప్పుకోవచ్చు. గుర్రపు డెక్క దట్టంగా ఉన్నచోట పెడల్‌తో నడిచేది కొంటే దాని రెక్కలకు నార చుట్టుకుని ఆగిపోతుంది, తెడ్డే మేలు. (భేరీలు 2002 నుంచి రామ్‌సార్ గుర్తింపు ఉన్న చిత్తడి నేలలే అయినా, వాటిలో చేపలు పెంచి బతికేవాళ్లున్నారు. అడక్కుండా దిగితే అది వేట కాదు, దొంగతనం.)

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చెరువులో నెల రోజులు తిప్పాక, ఇంత నిలకడగా ఉంది కదా, సముద్రంలో మాత్రం ఏమవుతుందిలే అనిపిస్తుంది. వెడల్పాటి చదును అడుగు నిశ్చలమైన నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. అదే గుణం అలల్లో ఎదురు తిరుగుతుంది. కెరటం ఏటవాలుగా లేచినప్పుడు ఆ అడుగు కెరటంతోపాటే వాలుతుంది. కొంత దూరం వాలాక ఇక ఆగదు, ఒక్కసారిగా బోర్లా పడుతుంది. పొడుగ్గా, కాస్త సన్నగా ఉన్న కయాక్ ఎక్కగానే ఊగుతుంది, భయపెడుతుంది. కానీ పక్కకు వాలాక నిలదొక్కుకుంటుంది. అందుకే సముద్రానికి పదమూడు నుంచి పదహారు అడుగుల పొడవు, ముప్పై అంగుళాలకు అటూ ఇటూ వెడల్పు, పైకి లేచిన ముక్కు, చుక్కాని ఉన్నది చూసుకోవాలి.

లోపల కాళ్లు చాపుకుని కూర్చునే రకం సముద్రపు వేటకు వద్దు. ఒక్క కెరటం లోపలికొస్తే వంద లీటర్లకు పైగా నీళ్లు నిలుస్తాయి, అలల మధ్య తోడి పోయలేరు. పైన కూర్చునే రకమే కావాలి. మన జాలరుల తెప్పను తలచుకోండి. కట్టిన దుంగల మీద నుంచి కెరటం దొర్లిపోతుంది, సందుల్లోంచి నీరు దిగిపోతుంది, తెప్పలో నీళ్లు నిండడమన్నదే ఉండదు. పైన కూర్చునే కయాక్‌కు అడుగున ఉన్న రంధ్రాలు చేసేది ఆ పనే. పూరీలో తెలుగు జాలరులను నోళియాలంటారు. దీఘా ఒడ్డున మునిగేవాళ్లను లాగి కాపాడే లైఫ్‌గార్డులనూ బెంగాలీలు నులియాలనే పిలుస్తారు. వాళ్లు నీళ్లలోకి దిగొద్దన్న రోజున మీ కయాక్ ఖరీదు గురించి వాదించకండి.

అయితే ఆ రంధ్రాల భరోసా డొల్లలోకి నీరు చేరనంత వరకే. గాలం కర్ర పెట్టుకోవడానికి, చేపలను చూపే యంత్రం బిగించడానికి ఇంట్లోనే డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు. స్క్రూ చుట్టూ సీలెంట్ సరిగా పడదు. డొల్ల మీది మూత రబ్బరు ఎండకు పగులుతుంది. చెరువులో గంటకో గ్లాసెడు నీరు దిగితే తెలియదు. సముద్రంలో మూత మీద నుంచి కెరటాలు పోతుంటే అదే బకెట్ల లెక్కకు చేరుతుంది. లోపలి నీరు వాలిన వైపుకే పరుగెడుతుంది, వాలును ఇంకా పెంచుతుంది. ఆ స్థితిలో తిరగబడితే మళ్లీ ఎక్కడం దాదాపు అసాధ్యం. సముద్రానికి తీసుకెళ్లే ముందు లోతులేని నీళ్లలో పూర్తి బరువుతో అరగంట తిప్పి, ఒడ్డుకు లాగి, వెనుక బిరడా తీసి చూడండి. ధార కారిందంటే ఆ కయాక్‌ను కారు మీదికి ఎక్కించి ఇంటికి తీసుకెళ్లండి.

బరువు విషయంలోనూ మోసపోకండి. నూట యాభై కిలోలు మోస్తుందని రాసి ఉంటే వంద దాటనివ్వకండి. ఐస్ పెట్టె, బ్యాటరీ, లంగరు, మంచినీళ్లు కలిస్తే పాతిక కిలోలు తేలిగ్గా అవుతాయి, మిగిలింది మీరు. గాలి నింపేవి చవక, డిక్కీలో పడతాయి. ఒడ్డు దగ్గరగా ఉండే చెరువుకు సరే. జెల్ల ముల్లు గుచ్చుకున్నా, గాలం కొక్కెం తగిలినా ఏమవుతుందో మీరే ఊహించుకోండి. గాలి కాస్త వీచిందంటే అవి తెడ్డు మాట వినవు.

ఇక హుగ్లీ. నగరం పొడవునా హుగ్లీలో కయాక్ వేట వద్దు, ఏ రకం కయాక్ అయినా సరే. ఆటుపోట్లకు నది రెండు వైపులా పారుతుంది. లంగరు వేసిన ఓడల గొలుసులు, ఫెర్రీ జెట్టీల పాంటూన్లు అడ్డం ఉంటాయి. ప్రవాహం కయాక్‌ను వాటికి అదిమి కిందికి తోసేస్తుంది. పక్కనుంచి లంగరు వేసినా అంతే, తాడు బిగియగానే కయాక్ బోర్లా పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో బాన్ వస్తుంది. పోటు నీరు గోడలా లేచి నదికి ఎదురెక్కుతుంది, రెండు మీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు పడవవాళ్లు పడవలను నది మధ్యకు నడుపుతారు. లోతున్నచోట అది ఉబ్బుగా సాగిపోతుంది, ఒడ్డు వార విరిగి కొడుతుంది. కొత్తగా దిగిన కయాక్ మనిషి భద్రమనుకుని ఉండేది సరిగ్గా ఆ ఒడ్డు వారే.

దీఘాలో మరో ఉచ్చు. అక్కడ సముద్రం దక్షిణాన ఉంది, కాల్‌బైశాఖి వాయవ్యం నుంచి వస్తుంది. సరస్సులో ఆ గాలి మిమ్మల్ని ఏదో ఒక గట్టుకు చేరుస్తుంది. దీఘాలో నడిసముద్రంలోకి నెడుతుంది. తెల్లవారుజామున నీళ్లు అద్దంలా ఉన్నాయని మురిసిపోకండి. ఆ వేళ వీచేది నేల మీద నుంచి వచ్చే గాలి, ఒడ్డు దగ్గర అల లేపదు, మీకు తెలియకుండానే దూరం తీసుకుపోతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. కయాక్‌కు అది వర్తిస్తుందా లేదా అని చర్చించుకునేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు: ఆ అరవై ఒక్క రోజులూ మిమ్మల్ని చూసి ఆగే ట్రాలర్ ఒక్కటీ అక్కడ ఉండదు.

లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునేది కాదు. దాని మీద రాసిన అంకె చూడండి. 50 న్యూటన్లది స్పృహలో ఉండి ఈదగలవాళ్లకు, సాయం దగ్గరలో ఉన్నచోట. సముద్రానికి 150 ఉన్నది వేసుకోండి, తెడ్డు వేయడానికి కాస్త అడ్డమైనా సరే. ఒక విజిల్, నీరు చొరని సంచిలో ఫోను, తెడ్డుకు తాడు ఉండాలి. బోర్లా పడిన కయాక్‌ను తిప్పి మళ్లీ ఎక్కడం సరస్సులో, తోడుగా మనిషిని పెట్టుకుని, అలుపొచ్చేదాకా సాధన చేయండి. అది చేతకానివాళ్లు ఎంత ఖరీదైన కయాక్ కొన్నా చెరువు దాటొద్దు.

చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒడ్డున ఉండండి. వాయవ్యాన మబ్బు నల్లబడితే మూడు దాకా కూడా ఆగొద్దు. సముద్రంలో ఆపద వస్తే పిలవాల్సిన కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఈరోజే ఫోన్లో వేసుకోండి, ఇంట్లోవాళ్లకూ రాసివ్వండి.