మీటరు కొనుటకు ముందు

మట్టి లేకుండ పోషకజలములో మొక్కలు పెంచు పద్ధతిని గూర్చి మన బామ్ని పిల్లలు ఉత్సాహముతో అడుగుచున్నారు. నీటి ఆమ్లత తెలియుటకు పీహెచ్ మీటరు, కరగిన లవణముల మోతాదు తెలియుటకు ఈసీ మీటరు కావలెను. మిక్కిలి ఖరీదైనదే కొనవలెనను మాటతో మేము ఏకీభవింపజాలము.

పీహెచ్ మానమును 1909లో డేనిష్ శాస్త్రజ్ఞుడు సోరెన్సెన్ ఏర్పరచెను. ఈ సేద్యమున పెక్కు మొక్కలకు 5.5 నుండి 6.5 వరకు అనుకూలము. కాని గాజుమొన ఎండిపోయినచో ఎంతటి మీటరైనను తప్పే చెప్పును. మొనను పొటాషియం క్లోరైడు ద్రావణములో తడిగా ఉంచవలెను. స్వేదనజలములో నిలువ ఉంచరాదు. 7, 4 పీహెచ్ గల బఫరు ద్రావణములతో తరచు సరిచూడవలెను. కనుక తల్లిదండ్రులారా, మొన మార్చుటకు వీలగు సామాన్యమైన మీటరు కొని, మిగిలిన సొమ్ము ఈ ద్రావణములకు వెచ్చింపుడు.

విద్యార్థులారా! ఈ నియమములను తెలుగున వ్రాసి గోడకు అంటింపుడు. దినదినపు అంకెలను తెలుగుననే నమోదు చేయుడు. పనివేళ అక్కరకు వచ్చిన భాషయే ఇంట నిలుచును.