కారు కింద తడి

కారు కింద తడి కనిపిస్తే ‘ఆయనొచ్చాక చూస్తార్లే’ అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఏసీ నీళ్లకి రంగూ, వాసనా ఉండవు, భయం లేదు. ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, జిడ్డుగా ఉంటే అది కూలెంట్. విషం కూడాను, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే డబ్బా మీద గీతలు చూడండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. గొట్టం క్లిప్పు వదులైతే స్క్రూడ్రైవర్‌తో నేనే బిగిస్తాను. వాటర్ పంపు దగ్గర కారుతున్నా, ఎక్కడా తడి లేకుండానే మట్టం తగ్గుతున్నా మాత్రం బండి తీయను. మెకానిక్‌ని పిలిచి, ఏ భాగం పాడైందో చూపించమంటాను. తెలిసి పిలవడం వేరు, తెలియక అప్పగించడం వేరు. పక్కగదిలోంచే పోపు మాడిన వాసన పట్టే మనకి ఇదేమంత బ్రహ్మవిద్య?