మేటి జట్టుకు కొలత యేది?

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటను వృత్తిగా ఆడు జట్లలో సర్వకాలములందును మేటి యేది యను వివాదము ఆ దేశస్థులకు ఎన్నటికిని తీరని వినోదము. గోదావరి మండలముల పిల్లలు డాలస్‌లోను న్యూజెర్సీలోను కాపురములు పెట్టిన పిదప, ఆ వివాదము సంక్రాంతి సెలవులకు వారి వెంట మన అరుగుల మీదికిని వచ్చి చేరినది. క్రికెట్టు తప్ప వేరొక బంతియాట యెరుగని పెద్దలు దానిని విని నవ్వి ఊరకుందురు గాని, నేనట్లు ఊరకుండజాలను. ఏలయన, ఈ తగవులో మనమును చెప్పదగిన మాట యొకటి కలదు, చూపదగిన జట్టును కలదు, ఆ జట్టులో అమలాపురము బిడ్డ యొకడు కలడు.

అమెరికావారిలో పలువురు 1927 నాటి న్యూయార్క్ యాంకీస్ పేరు చెప్పుదురు. ఆ యేడు ఆ జట్టు 110 ఆటలు గెలిచి, తుదిపోరగు వరల్డ్ సిరీస్‌లో పిట్స్‌బర్గ్ వారిని నాలుగాటలకు నాలుగింటను ఓడించెను. బేబ్ రూత్ 60 హోమ్‌రన్నులును, లూ గెహ్రిగ్ 47 హోమ్‌రన్నులును కొట్టిరి. అయితే గెలుపుల లెక్కయే ప్రమాణమైన పక్షమున, 1906లో 116 ఆటలు గెలిచిన షికాగో కబ్స్ తుదిపోరున తమ యూరి రెండవ జట్టగు వైట్ సాక్స్ చేతిలో ఓడుటయు, 2001లో సరిగా అన్నియే గెలిచిన సియాటెల్ మారినర్స్ తుదిపోరు గడపనైనను త్రొక్కలేకపోవుటయు ఆ ప్రమాణమును వెక్కిరించుచున్నవి. నా మతమున 1949 మొదలు 1953 వరకు వరుసగా ఐదేండ్లు కిరీటము విడువని యాంకీస్ జట్టు 1927 నాటి జట్టుకంటె ఘనతరము. ఆ జట్టునకు ఆధారభూతుడగు జో డిమాజియో 1951లో ఆట చాలించుకొనగా, తరువాతి రెండేండ్లును కేసీ స్టెంగెల్ నడిపిన ఆ జట్టు అతడు లేకయే గెలిచెను. మిక్కిలి సమర్థుడైనవాడు తప్పుకొనిననాడు గాని, తడబడిననాడు గాని జట్టు నిలిచినదా లేదా యనునదే నేనడుగు ప్రశ్న.

ఈ ప్రశ్న మన దేశమున వేసినచో మొదట హోల్కారు క్రికెట్ జట్టు గుర్తుకు వచ్చును. నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టును నడిపిన కొట్టారి కనకయ్య నాయుడుగారే ఇండోరులో ఆ జట్టుకును నాయకులు. 1944-45 రంజీ ఫైనలులో, యుద్ధోద్యోగముపై మన దేశమున నుండిన ఆంగ్ల క్రీడాకారుడు డెనిస్ కాంప్టన్ ఆ జట్టు పక్షమున ఆడి 249 పరుగులతో అజేయుడై నిలిచియు, జట్టు బొంబాయి చేతిలో 374 పరుగుల తేడాతో ఓడిపోయెను. మరుసటి యేడు సెమీఫైనలులో మైసూరుపై అదే జట్టు 8 వికెట్లకు 912 పరుగులు చేసినపుడు సెంచరీ చేసినవారు ఆరుగురు. ఏబదియేండ్ల నాయుడుగారు వారిలో ఒకరు. ఆ యేడు ట్రోఫీ ఇండోరు చేరినది. ఒక్కని 249 పరుగులు చేయలేని పనిని ఆరుగురి నూరులు చేసినవి. 1944-45 మొదలు 1954-55 వరకు పదునొకండు సీజన్లలో పదిసార్లు హోల్కారు ఫైనలు చేరి నాలుగుసార్లు గెలిచెను. ఆరు ఫైనళ్లు ఓడిన జట్టు మేటి యెట్లగునని అడుగువారు, 1953-54లో రంజీలో కొత్తగా అడుగిడిన మన ఆంధ్ర జట్టునకు నాయకత్వము వహింప నాయుడుగారు తరలివచ్చిన యేడు సైతము హోల్కారు ఫైనలు చేరెనను సంగతి చిత్తగింపవలెను. ఫుట్‌బాల్‌లో 1950 నుండి 1954 వరకు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారిని గూర్చి వేరొక వ్యాసమే వ్రాయవలసియుండును.

ఇక మన కాలమునకు వత్తము. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ బ్యాడ్మింటన్ పోటీలో, 1949 నుండి సాగుచున్న ఆ పోటీ చరిత్రయందు అంతకుముందు ఒక్కసారియు ఫైనలు చేరని భారత జట్టు, పదునాలుగు పర్యాయములు ఆ కప్పు గెలిచిన ఇండోనేషియాను 3-0తో ఓడించెను. ఆ వారపు ఆటల పట్టికను నిదానముగా పరిశీలించిన నా మాట రుజువగును. మొదటి సింగిల్స్ ఆటగాడు లక్ష్య సేన్ క్వార్టర్ ఫైనలున మలేషియాపైనను, సెమీఫైనలున డెన్మార్కుపైనను ఓడెను. రెండవ డబుల్స్‌లో దిగిన తెలుగు యువకులు గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్‌లును ఆ రెండు దినములు ఓడిరి. ఐనను అమలాపురపు వ్యాయామోపాధ్యాయుని కుమారుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి రెండు పర్యాయములును గెలిచెను. గుంటూరు కిదాంబి శ్రీకాంత్ గెలిచెను. చెరి రెండుగా నిలిచిన ఆ రెండు పోరులను ఐదవ ఆటలో మూడవ సింగిల్స్ ఆటగాడు ప్రణయ్ తేల్చెను. డెన్మార్కుపై ఆడుచు కాలుజారి చీలమండ నొచ్చి, మొదటి గేమును 13-21తో పోగొట్టుకొనియు, తక్కిన రెండింటిని 21-9, 21-12తో గెలిచిన వైనము చూచినవారు మరువరు. ఫైనలున ప్రణయ్‌కు దిగవలసిన పనియే కలుగలేదు: ఆ రెండు పోరులందును ఓడిన లక్ష్య సేనుడే మొదటి గేమును 8-21తో పోగొట్టుకొని, పిమ్మట తేరుకొని గెలిచెను, సాత్విక్ జంట సైతము మొదటి గేము ఓడి 23-21, 21-19తో గెలిచెను, శ్రీకాంత్ ముగించెను.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటుట చూచిన కోనసీమవారికి ఇది క్రొత్త సంగతి కాదు. నడుములోతు నీటిలో, అడుగున బురదలో, తలపాగా తువ్వాలు భుజమున మడిచి వేసికొని పదులకొలది యువకులు ఆ ప్రభను మోయుచుండగా ఒకని కాలు జారును. బరువు ప్రక్కవాని భుజమునకు మారును. ప్రభ ఒరుగక ముందునకు సాగును. ఎవడు జారినదియు గట్టున నిలిచి చూచువారికి తెలియదు.

అట్టి జాతివారమయ్యును మనము ఆటలలో వీరుని కొలుతుము, జట్టును మరతుము. సాత్విక్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో చిరాగ్‌తో స్వర్ణము గెలిచి, ఆ యేడే ప్రపంచ ప్రథమ స్థానమును అందుకొనినప్పుడు మనము గర్వించుట న్యాయమే. ఐనను, క్రీడాకారునిగా అతడు పాలుపంచుకొనిన విజయములలో బ్యాంకాకు విజయమే నా లెక్కలో మిన్న. భారతదేశపు ఏ ఆటలోనైనను మేటి జట్ల పట్టిక వ్రాయుచో నేను దానిని హోల్కారు ప్రక్కనే వ్రాయుదును. 1927 యాంకీస్‌కంటె పైన వ్రాయుటకును సంకోచింపను.

అమలాపురమునను రాజమహేంద్రవరమునను ఆటగాళ్ల సన్మానములకు ఫ్లెక్సీలు కట్టించు మిత్రులకు నాదొక మనవి. ఈసారి సాత్విక్ బొమ్మ ప్రక్కన చిరాగ్ శెట్టి, శ్రీకాంత్, లక్ష్య సేన్, ప్రణయ్, ప్రియాంశు రజావత్, ధ్రువ్ కపిల, ఎం.ఆర్. అర్జున్, కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ అను తొమ్మండుగురి పేర్లును అదే పరిమాణపు అక్షరములలో వేయించుడు. చోటు చాలనిచో రాజకీయ నాయకుల బొమ్మలు రెండు తగ్గించుడు.