బస్తర్ యువతకు చౌక కారు బీమా: తగ్గేది ప్రీమియమా, రక్షణా?

జగదల్‌పూర్: బ్రిటన్‌లో పాతికేళ్లలోపు డ్రైవర్లు కారు బీమాకు భారీ ప్రీమియం చెల్లించాల్సి ఉంటుంది. భారత్‌లో లెక్క వేరు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వమే ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి నిర్ణయిస్తుంది. యజమాని పందొమ్మిదేళ్ల యువకుడైనా, అరవై ఏళ్ల విశ్రాంత ఉద్యోగి అయినా ధర ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సొంత కార్లకు 1,000 సీసీ వరకు ఏడాదికి రూ.2,094, 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. జీఎస్టీ అదనం.

కాబట్టి బస్తర్‌లో తొలి కారు కొన్న యువకుడికి ఆదా చేసుకునే వీలున్నది ప్రధానంగా సొంత వాహన నష్టానికి సంబంధించిన ‘ఓన్ డ్యామేజ్’ భాగంలోనే. 2007 నుంచి ఈ రేట్లపై నియంత్రణ సడలడంతో కంపెనీల మధ్య పోటీ పెరిగింది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనుగోలు సమయంలోనే తీసుకోవాలన్న నిబంధన 2018 సెప్టెంబరులో వచ్చింది. ఓన్ డ్యామేజ్‌ను మాత్రం ఏటా పునరుద్ధరించుకోవచ్చు. రెండో ఏడాది దాన్ని వదిలేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. పోలీసు తనిఖీల్లో ఇబ్బందీ ఉండదు. చిక్కంతా ప్రమాదం జరిగాకే.

2025 ఆగస్టు చివరిలో బస్తర్‌ను వరదలు ముంచెత్తాయి. అలాంటి వరదలో కారు పాడైతే థర్డ్ పార్టీ పాలసీ నుంచి యజమానికి ఒక్క రూపాయి రాదు. వరద, కొండచరియల పతనం, అల్లర్లు, ఉగ్రవాద చర్య వల్ల కలిగే నష్టాలన్నీ ఓన్ డ్యామేజ్ పరిధిలోనివే. దశాబ్దాలుగా వాహనాల దహనాలు చూసిన ప్రాంతంలో ఈ జాబితాను తేలిగ్గా తీసుకోలేం.

కారులో కూర్చున్నవారి సంగతి ఇంకా తీవ్రమైనది. బస్సులు అంతంతమాత్రంగా తిరిగే దారుల్లో తెలిసినవారిని ఎక్కించుకోవడం మామూలే. చట్టపరమైన కనీస పాలసీ మాత్రమే ఉన్నప్పుడు, ఉచితంగా ప్రయాణించేవారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు ఉండదని సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. సమగ్ర పాలసీ ఉంటే అది వర్తిస్తుందని నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. అంటే ఏటా మిగిల్చిన కొన్ని వేలకు బదులుగా లక్షల పరిహారం యజమాని నెత్తిన పడవచ్చు. సొంత కారులో పర్యాటకులను అద్దెకు చిత్రకోట్, తీర్థగఢ్ జలపాతాలకు తీసుకెళ్లేవారికి సమగ్ర పాలసీ ఉన్నా చిక్కే. సొంత వాహన పాలసీ అద్దె వినియోగాన్ని అంగీకరించదు.

నిజమైన పొదుపు మార్గాలు వేరే ఉన్నాయి. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలయ్యే నో క్లెయిమ్ బోనస్ క్రమంగా 50 శాతానికి చేరుతుంది. గడువు ముగిశాక 90 రోజుల్లోగా పాలసీని పునరుద్ధరించకపోతే అది పోతుంది. అందుకే చిన్న గీతలకు క్లెయిమ్ చేయకపోవడమే లాభం. రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇప్పటికే ఉన్నవారు కారు పాలసీలో మళ్లీ తీసుకోనక్కర్లేదు. తక్కువ తిరిగే కార్లకు, వాడకాన్ని బట్టి ప్రీమియం చెల్లించే పద్ధతికి 2022 జులైలో అనుమతి లభించింది. వాహన విలువను తగ్గించి చూపి ప్రీమియం కోసుకోవడం మాత్రం ఆదా కాదు. దొంగతనం జరిగినప్పుడు చేతికొచ్చేదీ అంతే తగ్గుతుంది.

చౌకగా వస్తుందన్న ఆశతో కారును తండ్రి పేరున రిజిస్టర్ చేయించే కుటుంబాలూ ఉన్నాయి. యజమాని వయసుతో థర్డ్ పార్టీ ధర మారదు కనుక అక్కడ కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా కొడుకు ఎన్నేళ్లు జాగ్రత్తగా నడిపినా బోనస్ తండ్రి ఖాతాలోనే జమవుతుంది. యజమాని-డ్రైవర్ ప్రమాద బీమా కూడా తండ్రికే వర్తిస్తుంది, స్టీరింగ్ ముందు కూర్చునే కొడుకుకు కాదు.