ఆగుట నేర్చిన సర్వరు

విజయవాడ రహదారిని అవుటర్ రింగ్ రోడ్డు దాటు పెద్ద అంబర్‌పేట్ పరిసరములలో వ్యవసాయభూమి చేతులు మారవలెనన్నచో, 2020 అక్టోబరు 29న ధరణి అను భూరికార్డుల పోర్టలు ఆరంభమైన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు కార్యాలయమే గతియైనది; 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానమున భూభారతి వచ్చినను, "సర్వర్ డౌన్" అను మాట వినినంతనే కలుగు ఆగ్రహమును, సర్వరు ఎన్నడును ఆగరాదను కోరికయు మారలేదు. ఆ కోరిక న్యాయమైనదే గాని అసంపూర్ణము. డేటాబేసును ఎల్లవేళల నిలుపుటకై డీఆర్‌బీడీ వంటి సాధనములు ప్రతి వ్రాతను రెండు యంత్రముల డిస్కులమీద ఏకకాలమున లిఖించును. వాని నడుమ సంబంధము తెగి, ప్రతి యంత్రమును రెండవది మరణించెనని తలచి తానే ప్రధానమని వ్రాతకు పూనుకొన్నచో, ఒకే సర్వే నంబరు ఒకచోట ఒకరికిని, వేరొకచోట మఱొకరికిని చెందినట్లు నమోదగును. ఆ రెండు చరిత్రలలో ఏది సత్యమో యంత్రము తేల్చజాలదు, న్యాయస్థానమే శరణ్యము. అందువలననే మూడవ యంత్రమును సాక్షిగా నిలిపి, ఆధిక్యము లభింపని పక్షము వ్రాయక ఆగవలెనను నియమము పుట్టినది. ఆగనిదానికి విద్యుత్తునే త్రెంచివేయుదురు. నిరంతరము పలుకు సర్వరుకంటె సందేహమున ఆగు సర్వరునే నేను గౌరవింతును, ఏలయన నేడు పని కాని రైతు రేపు మరల రాగలడు గాని, రెండు పేర్లు పడిన భూమికై అతడు ఏండ్లతరబడి కోర్టుమెట్లు ఎక్కవలసివచ్చును. ఈ యంత్రములను కొను అధికారులు, ఏ స్థితిలో సర్వరు తనంతట తాను ఆగునో టెండరుపత్రములోనే వ్రాయించవలెనని నా విన్నపము.